మాట్లాడనిది ఎవరు?

అడీలా ప్రౌటీ టీచరమ్మ మా వెస్ట్ హారో బడిలో ముప్పై ఒక్క ఏళ్ళు చరిత్ర చెప్పింది. పాఠ్యపుస్తకం తెరిచిందే లేదు. ఊరి ఆఫీసు బీరువాలోని పాత కాగితాల నకళ్ళు తెచ్చి మా ముందు పడేసేది. మనుషులందరూ సమానులని స్వాతంత్ర్య ప్రకటనలో దేశం చాటిన మూడేళ్ళకే మా ఊరి పెద్దలు ఇచ్చిన నోటీసు అందులో ఒకటి. థాంక్‌ఫుల్ అనే వితంతువు బీదది, ఈ ఊరిది కాదు, ఇద్దరు పిల్లలతో పధ్నాలుగు రోజుల్లో వెళ్ళిపోవాలి. కింద మా ముత్తాతల ముత్తాతల సంతకాలు, అన్నిటికన్నా అడుగున రాసిన గుమాస్తాది.

ఏ కాగితమిచ్చినా టీచరమ్మ ప్రశ్న ఒకటే.

"ఇందులో మాట్లాడనిది ఎవరు?"

"ఆ వితంతువండీ," అన్నాను నేను గొప్పగా. అప్పుడు నాకు పదిహేనేళ్ళు.

"ఆవిడ సరే. ఇంకా?"

మళ్ళీ సగందాకా చదివి, కాగితం పక్కన పెట్టేశాను.

ఆవిడ పెళ్ళి చేసుకోలేదు. మా ఊళ్ళో అద్దెలు భరించలేక ఏటి అవతల పొరుగూళ్ళో, లాండ్రీ పైగదిలో ఉండేది. మధ్యాహ్నం ఖాళీ క్లాసులో ఒక్కతే కూర్చుని ఉడికిన బీన్స్, బ్రౌన్ బ్రెడ్ తినేది. ఇన్నేళ్ళలో ఎవరమూ భోజనానికి పిలవలేదు. పిలవాలని తోచనైనా లేదు, సిగ్గులేని వాళ్ళం.

ఈ మార్చిలో ఊరంతా కూడి ఓట్లేసే మీటింగులో ఆవిడ చరిత్ర క్లాసు తీసేయాలన్న తీర్మానం వచ్చింది. ఈ ఏడు చేరింది ఐయోని అనే ఒక్క పిల్లే. టీచరమ్మ ఓటు లేనివాళ్ళ బెంచీ మీద, వెనకాల, కోటు విప్పకుండా కూర్చుంది. హాల్లో సగంమంది ఆవిడ దగ్గర చదివినవాళ్ళే. బయటి ఊరివాళ్ళు మాట్లాడాలంటే సభ అనుమతి కావాలి; మాట్లాడతానని ఆవిడ చెయ్యెత్తింది.

"పొరుగూరావిడకి మన మీటింగులో పనేంటి?" ఓర్విల్ స్టెబిన్స్ లేచాడు. "చచ్చినోళ్ళ ఉత్తరాలు చదివితే నా రోడ్డు మీద బురద పోద్దా?"

అందరూ నవ్వారు.

"ఆవిడకి అనుమతివ్వాలని ఎవరైనా ప్రతిపాదిస్తారా?" అధ్యక్షుడు అడిగాడు.

ప్రతిపాదించడానికి ఒక్క గొంతు చాలు, అనుమతిని ఓటుకి పెట్టేవాళ్ళు. ఎవరూ లేవలేదు. ఊరి గుమాస్తాని కాబట్టి నేను ముందు వరసలో మినిట్స్ రాస్తున్నాను. రాసేవాళ్ళు మాట్లాడకూడదన్న రూలేమీ లేదు, నాకూ ఓటుంది. తల వంచుకుని రాసుకుంటూ పోయాను. క్లాసు పోయింది.

మర్నాడు పొద్దున్నే టీచరమ్మ బూట్లకి బురదతో ఆఫీసుకి వచ్చింది.

"వెర్నా, నిన్నటి మినిట్స్ నకలు ఒకటి ఇస్తావా అమ్మా?"

"ఎందుకండీ టీచర్‌గారూ, ఇప్పుడది?"

"జూన్ దాకా క్లాసుందిగా. ఐయోనితో చదివిస్తాను."

నకలు తీసిచ్చాను. నిలబడే చదివింది. 'బయటి ఊరి అడీలా ప్రౌటీ మాట్లాడేందుకు అనుమతి కోరారు. ఎవరూ ప్రతిపాదించలేదు.'

"దస్తూరీ ఇంకా గుండ్రంగానే ఉందే," అని మడిచి సంచీలో పెట్టుకుంది. ఆ ప్రశ్న అడుగుతుందేమోనని బల్లమీది కాగితాలు సర్దడం మొదలుపెట్టాను. అడగకుండానే వెళ్ళిపోయింది.

ఐయోనిని అడుగుతుంది. ఆ పిల్ల తెలివైనది, కాగితం అడుగుదాకా చదువుతుంది. అక్కడ నా సంతకం ఉంది.