నేను పుట్టించిన వాన

మా నాన్న కాలేజీలో ప్రొఫెసర్. క్లాసులో గంటసేపు మాట్లాడొచ్చి, ఆ నష్టాన్ని ఇంట్లో నోరు విప్పకుండా పూడ్చుకునేవారు. ఆయనకి ఇద్దరు పిల్లలని అమ్మ వేళాకోళమాడేది: ఒకదాన్ని నేను, రెండోది పెరట్లో వాన కొలిచే డబ్బా. రోజూ పొద్దున్నే ఏడింటికి అందులోని నీళ్లు గాజుగొట్టంలోకి వంపి, కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుని, గీత చూసి నోటుబుక్కులో రాసేవారు. తనకి జ్వరమొచ్చినా మానలేదు. నాకు జ్వరమొస్తే మాత్రం ఆ పని కాగానే కాలేజీకి సెలవు పెట్టి నా మంచం పక్కనే కూర్చునేవారు.

నాన్న దగ్గర పరిశోధన చేసిన శిష్యుడొకడు ఎనిమిదేళ్లు మా ఇంట్లో తిన్నాడు. నేను అన్నయ్యా అని పిలిచాను. ఆ ఎనిమిదేళ్ల నోటుబుక్కులూ “ఒక్కసారి చూసి ఇచ్చేస్తాను సార్” అని పట్టుకెళ్లాడు, ఇచ్చేశాడు కూడా. తర్వాత పుస్తకం అచ్చయింది. అట్ట మీద అతని పేరు, లోపల నాన్న లెక్కలు. తన అద్దెగది డాబా మీద తనే కొలిచాడట. కాలేజీ కమిటీ అడిగితే, “ఒకే ఊరు, ఒకే వాన. లెక్కలు కలవవా?” అన్నాడు. అలా నమ్మించి గొంతు కోశాడు.

నా ఒళ్లు మండి ఆ పుస్తకం ముందేసుకుని కూర్చున్నాను. ఒక పేజీ దగ్గర ఆగిపోయాను. నా పదహారో ఏట నాన్న పరీక్ష పేపర్లు దిద్దడానికి పది రోజులు వేరే ఊరెళ్లారు. కొలిచే పని నాకప్పగించారు. నేను ఒక్కరోజూ పెరట్లోకి వెళ్లలేదు. ఆయన వచ్చే ముందు కూర్చుని పది అంకెలు కల్పించి రాసేశాను. ఆ పదీ ఈ పుస్తకంలో వరసగా ఉన్నాయి. నేను పుట్టించిన వాన అతని డాబా మీద ఎలా కురుస్తుంది?

నాన్నకి చెప్పేశాను. ఆయన కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుని ఆ పేజీ చూశారు.

“పది రోజులేనా అమ్మా?”

“పది రోజులే నాన్నా.”

ఆ ప్రశ్న ఆయన నన్ను అడగాల్సి వచ్చిందే అని ఇప్పటికీ సిగ్గుతో చచ్చిపోతుంటాను.

అప్పటికి అదే కాలేజీలో నేను లెక్చరర్‌గా చేరి నాలుగు నెలలు. ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. కమిటీ మళ్లీ పిలిచినప్పుడు నాన్న పక్కనే కూర్చున్నాను. ఆ పది అంకెలూ ఉత్తవని నాన్న చెప్పారు. ప్రిన్సిపాల్ అడిగారు, “మరి కల్పించిందెవరు మాస్టారూ?”

నేను సగం లేచాను. నాన్న నా మణికట్టు మీద చెయ్యి వేశారు.

“నేనే.”

నేను కూర్చుండిపోయాను. ఆయన చెయ్యి అంత బరువేం కాదు.

శిష్యుడు వెంటనే మాట మార్చాడు. “సార్ లెక్కలే వాడాను, నిజమే. దేవుడని నమ్మాను. ఇలా మోసం చేస్తారనుకోలేదు” అని కళ్లు తుడుచుకున్నాడు. అందరూ అతని మీదే జాలిపడ్డారు. దొంగ లెక్కలు రాసిన ప్రొఫెసర్ అక్కర్లేదని నాన్నని ఇంటికి పంపించారు. ఆ నెలలోనే నా ఉద్యోగం ఖాయమైంది. కాగితం తెచ్చి చూపిస్తే నాన్న సంతోషించారు, నిజంగానే.

శిష్యుణ్ణి ఈ జన్మలో క్షమించను. కానీ నాన్న ఆ తర్వాత పదకొండేళ్లు బతికారు. కమిటీ గది నా గదికి మూడు గుమ్మాల అవతల. రోజూ దాని ముందు నుంచే వెళ్లి పాఠం చెప్పొచ్చాను. ఒక్కరోజూ ఆ గదిలోకి వెళ్లలేదు.