ఇరవై దగ్గర ఆగిన లెక్క

ఆ రోజుల్లో మత్తు అంటే ఈథరే అనుకునేవాళ్ళం. సూదితో నిద్రపుచ్చే కొత్త మందు నంద్యాల ఆసుపత్రికి అప్పుడప్పుడే వస్తోంది. ఆళ్ళగడ్డ కల్లాల్లో ధాన్యం కొలిచే నాకు హెర్నియా, మా అమ్మకు కడుపులో గడ్డ. ఆ గడ్డ తీయకపోతే బతకడం కష్టమన్నారు. అమ్మ మాత్రం, "ముందు నువ్వు చేపిచ్చుకో. నీకేం కాకుంటే నేనూ పండుకుంటా. ల్యాకుంటే ఇంటికి పోదాం పా" అని మొండికేసింది. అంటే ఇద్దరి ఆపరేషన్లూ నా మీదే పడ్డాయన్నమాట.

బల్ల మీద పడుకోబెట్టి, మత్తు డాక్టరు ఒక రబ్బరు గొట్టం చూపించాడు. "మత్తులో నాలిక యెనక్కి పడితే ఊపిరాడదప్పా. అందుకని ఇది నోట్లో పెడతాం. ఏ మందుతో ఇది సులువుగా పోతాదో సూస్తాండా. నీకు ఈథరు. లెక్కబెడతా ఉండు, ఆగినావంటే నిద్రపోయినట్టే."

లెక్క నాకా చెప్పేది! ముసుగులో ఆ ఘాటు పీలుస్తూనే మొదలుపెట్టాను: "లాభం, రెండు, మూడు..." (కొలిచేవాడు ఒకటి అనడు, మొదటి శేరు ఎప్పుడూ లాభమే.) "లాభం ఎవరికప్పా, నీకా నాకా?" అన్నాడు డాక్టరు. నేను పలకలేదు, కొలత మధ్యలో మాట్లాడితే లెక్క చెడుతుంది. ఇరవై వచ్చింది. కల్లంలో ఇరవై కాగానే గుప్పెడు గింజలు గుర్తుగా పక్కన పోసి, ఆ కాసేపు నోరు మూసుకుని, మళ్ళీ లాభం దగ్గర మొదలుపెడతాం. సగం మత్తులోనూ ఆ అలవాటు పోలేదు. నేను ఆగగానే నిద్ర పట్టిందనుకుని డాక్టరు నా నోరు తెరిచాడు. సరిగ్గా అప్పుడే నేను "లాభం" అనబోయి, అడ్డొచ్చినదాన్ని కొరికాను. అది గొట్టం కాదు, ఆయన వేలు.

(తర్వాతి సంగతి నర్సమ్మ చెప్పింది.) ఆ కేకకు నాకేదో అయిందని అమ్మ బయటినుంచి తలుపు బాదిందట. లోపల్నుంచి డాక్టరు, "అరిసింది నీ కొడుకు కాదుమా, నేను! నా యేలు కొరికినాడు!" అన్నాడట. అమ్మ పకపకా నవ్విందట. "వాడు పాలు తాగేటప్పుడూ అంతే సామీ!" ఆ నవ్వుతోనే భయం వదిలిపోయింది. "నాకు మాత్రం సూదే ఎయ్యి. ఈథరు పీలిస్తే కరుస్తారు" అంది.

నా హెర్నియా సరిగ్గానే కుట్టారు. సూదికి అమ్మ ఇట్టే నిద్రపోయింది, గొట్టం హాయిగా దిగింది, గడ్డ బయటికొచ్చింది. సూదిమందే మేలని డాక్టరు తేల్చేశాడు. నేనొప్పుకోలేదు. "ఒకడు కొలిచేవాడు, ఒకరు కొలవని మనిషి, ఇదేం పోలిక సార్? తప్పు ఈథరుది కాదు, ఇరవైది." ఆయన కట్టు కట్టిన వేలు ఎత్తి, "నా యేలు ఒప్పుకోదప్పా" అన్నాడు.

అమ్మ అంతలా నవ్వడం అరుదు. ఆ ఒక్కసారీ నేను మత్తులో ఉన్నాను. ఇప్పుడు మధ్యాహ్నం కునుకు పట్టనప్పుడు లాభం నుంచి లెక్కపెట్టి, ఇరవై దగ్గర నోరు మూసుకుని కాసేపు వింటాను, ఆ నవ్వు తలుపవతల వినబడుతుందేమోనని. ఈలోగా నిద్ర పట్టేస్తుంది.