అన్న అడగని మాట

పంచాయతీ సమితులు కొత్తగా వచ్చిన రోజులవి. మోత్కూరులో ఒక బుర్రకథ దళం ఉండేది. కథ చెప్పేది అన్న, పక్కన హాస్యం చెప్పేది తమ్ముడు. నేతపని ఇంటివాళ్లు. తమ్ముడు అనదలచింది మొహం మీదే అనే మనిషి. ఆ సాయంత్రం ఆట పెట్టించినవాడు సమితి అధ్యక్షుడు. పత్రిక తరఫున వెళ్లిన నా ముందే అన్న తమ్ముణ్ని హెచ్చరించాడు: “ఆటల సర్కారు బాయి ముచ్చట తీసినవంటే రేపటి సంది నా పక్కన నిలవడకు.”

తమ్ముడు తీయనే తీశాడు. “సర్కారు బాయి తవ్విండ్రు గని మన కడవల నీళ్లు లేవన్నా!”

“ఎందుకు లేవు తమ్మీ?” అని అన్న అడిగితేనే హాస్యం పండుతుంది. అన్న అడగలేదు.

తమ్ముడు జనం వైపు తిరిగాడు. “అన్నకు గొంతు పట్టింది. మీరన్నా అడుగుండ్రి.”

జనం అధ్యక్షుడి వైపు చూశారు. చివరికి ముందు వరుసలోని అధ్యక్షుడే, “నేనడుగుతున్న, చెప్పురా” అన్నాడు.

“బాయి మీ పొలంల తవ్విచ్చుకుంటిరి. పొలం దూప తీరినంక మాకు నీళ్లు గద దొరా!”

అధ్యక్షుడు నవ్వాడు. ఆయన నవ్వాకే జనం నవ్వారు.

కొన్నాళ్లకు ఆలేరులో అదే దళం ఆట చూశాను. హాస్యం చెప్పేది కొత్తవాడు. ఆట అయ్యాక తమ్ముడి సంగతి అడిగాను.

“మగ్గం నేస్తుండు” అన్నాడు అన్న. “ఇంట్ల ఎవ్వలతోని మాట్లాడ్తలేడు.”