నడిమర్రల సప్పుడు లేని కంప్యూటర్

మా ఆయన రైసుమిల్లుల రాత్రి కావలి ఉంటడు. పొద్దుగాల ఇంటికొచ్చి, ఇంత గట్క తాగి నడిమర్రల, అంటే ఇంటి నడిమి గదిల, మంచం మీద ఒరిగిండంటే మాపటిదాక ఇంట్ల గిన్నెకు గిన్నె తాకొద్దు. సీలింగు ఫ్యాను మోతకు అలవాటు పడ్డడు, దానికి లేవడు. కొత్త సప్పుడు అయితే మాత్రం గోడ మీద బల్లి పాకినా లేస్తడు. కావలోని చెవులు గదా, నిద్రల గూడ డ్యూటీ చేస్తయి. అందుకే కుక్కర్ నేను పెరట్ల పెడుత. లక్సెట్టిపేటల కూరగాయల బండ్లోళ్లకు మా ఇంటి ముందట నోరు మూసుకొని పోవాల్నని ఎరుకే.

గసుంటి ఇంట్ల నా కోడలు పిండిగిర్ని పెట్టింది. పేరుకు ల్యాప్‌టాప్.

కోడలు చేసే పని జర చెప్పాలె. మా దిక్కు గల్ఫుకు పోయినోళ్లు ఇండ్లు కట్టుకుంటరు. మా కొడుకు గూడ మస్కట్ల కరెంటు పని చేస్తడు, మేమింక కట్టలే. గా ఇండ్లకు పునాది తియ్యకముందే, కట్టినంక ఎట్లుంటయో కోడలు కంప్యూటర్ల చేసి చూపెడుతది. దర్వాజ తెరుచుకుంటది, లోపలికి పోతం, మెట్లెక్కుతం, మిద్దె మీదికెల్లి రోడ్డు కనవడుతది, అంత సినిమా లెక్కనే. కరీంనగర్‌ల ఉన్న ఒక ఇంజినీరు ఆమెకు పనిస్తడు. గీతలు గీసుడు ఆమె పని, గా గీతలను సినిమా చేసుడు మిషన్ పని. ఆ పని మొదలైనంక ల్యాప్‌టాప్ ఒర్లుతది. పొద్దంత ఒర్లి, వేడెక్కి, సగంల ఆగిపోతది.

ముందటర్రల పెట్టుకోరాదా అంటరేమో. అది రేకులది, ఎండ కొడితే పెనం లెక్క కాలుతది. మా కొడుకు పోయినసారి వచ్చినప్పుడు మిషన్‌కు కావాల్సిన ఎర్తింగు ప్లగ్గు గూడ నడిమర్రలనే ఏసిపోయిండు. ఇగ మంచం, మిషన్ ఒక్క అర్రల. మా ఆయన ఎర్రటి కండ్లతోని డ్యూటీకి పోవుడు మొదలుపెట్టిండు.

ఇట్లుండంగ ఇంజినీరు ఫోన్ చేసిండు. నిర్మల్ రోడ్డు మీద ఇల్లు కట్టుకునేటాయన దుబాయి నుంచి సెలవు మీద వచ్చిండట, మళ్ల పోయేలోపల ఇల్లు చూపెట్టాలెనట. మీ ఇంట్ల కాకపోతే నా ఆఫీసుకొచ్చి చెయ్యమ్మా, ఇక్కడ పెద్ద మిషన్లున్నయి, ఇగ రోజూ ఇక్కడికే రా అన్నడు. రోజూ కరీంనగర్ అంటే మొదటి బస్సుకు పోయి ఆఖరి బస్సుకు వచ్చుడు. నా మనుమరాలు ఇంక అంగన్‌వాడీ పిల్ల. కోడలు గిన్నెలు తోముకుంట కూసున్నది. తోమిన గిన్నెనే మళ్ల తోముతున్నది. పని మానుతది గని పిల్లను ఇడిసి పోదు అని నాకు సమజైంది. పని లేకుంట ఇంట్ల కూసుంటే ఆమె మొఖం ఎట్లుంటదో పెండ్లైన కొత్తల చూసిన. మళ్ల చూడబుద్ధి కాలే.

సప్పుడు చెయ్యని మిషన్ ఉండదా అని కోడలిని నేనే అడిగిన. ఉంటదట. బలమైంది, సప్పుడు లేనిది, బిగించింది కొంటే మస్తు పిరమట. సామాన్లు తెచ్చి ఇంట్ల మనమే బిగించుకుంటే అగ్గువల అయితదట. అగ్గువ అన్నంక నాకు ఇంకో మాట అవసరం పడలే.

ఇద్దరం కరీంనగర్ పోయినం. షాపాయన ముందుగాల రంగురంగుల లైట్లు ఎలిగే డబ్బా చూపెట్టిండు. లైట్లుంటే పని జల్ది అయితదా అని అడిగిన. కాదట, అందానికట. మా ఇంట్ల దాని ముందట పండేటాయన కండ్లు మూసుకొనే ఉంటడు, లైట్లు లేనిదే ఇయ్యి అన్న. కోడలు ఒక్కకాడ పట్టువట్టింది. ఫ్యాన్లు పెద్దయే కావాలన్నది. చిన్న ఫ్యాను గాలి కోసం గిర్రగిర్ర తిరిగి మోత పెడుతదట, పెద్దది నిమ్మళంగ తిరిగినా గాలి సరిపోతదట. మిషన్‌కు మెదడు లెక్క ఒక చిప్పు ఉంటది, దాని మీద కూసుండవెట్టే కూలర్ చూసి నేను బీరిపోయిన. ఇటుకకు ఇటుకంత ఉన్నది, ఒంటి నిండ రేకులు, కింద నున్నటి రాగి పలక. బిగించుటానికి షాపాయన వేరే పైసలు అడిగిండు. మా కోడలికి చేతులు లేవా అని చెప్పి బస్సెక్కినం. కూలర్‌ను తొవ్వ పొడుగూత నా ఒళ్లెనే పెట్టుకున్న.

ఐతారం చర్చి నుంచి వచ్చి రేకుల అర్రల సద్దరు పరిచి కూసున్నం. ఆమె ఫోన్ల వీడియో చూసుకుంట బిగిస్తున్నది, నేను స్క్రూలున్న గిన్నె పట్టుకొని అడిగినప్పుడల్లా ఒక్కోటి ఇస్తున్న. ఆమె మిషన్ డబ్బాకు పక్కనున్న అద్దం మీది ప్లాస్టిక్ పొరను గోటితోని లేపవట్టింది. నేను చెయ్యి పట్టుకున్న.

మా ఇంటి పద్ధతి గది. కొత్త సామాను మీద వచ్చిన పొర పీకం. ఫ్రిజ్ మీద ఉన్నది, రిమోటు మీద ఉన్నది, బీరువ అద్దం మీద ఉన్నది. గీత పడది, దుమ్ము పడది, ఎన్నేండ్లైనా సామాను నిన్న తెచ్చినట్టుంటది. కాపురానికొచ్చిన కొత్తల కోడలు పరుపు మీది కవరు సర్రున చింపింది. మీ అవ్వగారింట్ల గిట్లనే నాశనం చేస్తరా అని అడిగిన. నలుగురు సుట్టాలున్నరు అప్పుడు. గప్పటిసంది ఆమె ఈ ఇంట్ల ఏ పొరా ముట్టలే.

అద్దం మీదిది తీస్తే లోపల మంచిగ కనవడుతది అత్తమ్మా అన్నది. లోపల ఎవలు చూస్తరు అన్న. ఆమె పొరను మళ్ల అతికించి, వేలితోని రుద్ది, తరువాతి సామాను అందుకున్నది. ఇగ దేని మీది పొరా లేపలే. చిప్పు మీద బూడిద రంగు పేస్టు శనగగింజంత పెట్టింది, దాని మీద కూలర్ కూసుండవెట్టి నాలుగు దిక్కుల బిగించింది. ఇంత పేస్టుకే అయితదా అంటే, ఎక్కువైతే ఖరాబు అన్నది. గా మాట నాకు నచ్చింది.

మెల్లగ నడిమర్రలకు మోసినం. మా ఆయన పండుకొని ఉన్నడు. గుసగుసగ ప్రార్థన చేసుకొని బటన్ ఒత్తినం. సప్పుడే లేదు. నేను చెవి ఆనించి విన్న, దూరంగ ఎవలో చాట చెరిగినట్టు ఉన్నది, అంతే. కోడలు నిర్మల్ రోడ్డు ఇంటిని పనికి పెట్టింది. నేను చాయ్ పోసుకున్న. సగం తాగలే, ఫ్యాన్లన్నీ ఒక్కసారే లేచినయి. లోడు లారీ ఘాటు రోడ్డు ఎక్కుతున్నట్టు మోత. తరువాత టప్పున ఆగిపోయింది.

మా ఆయన లేచి కూసున్నడు. "మిల్లు గూడ నా ఎంబడే వచ్చిందా ఏందే?" అని అడిగి, దుప్పటి సంకల పెట్టుకొని పక్కింటి అరుగు మీద పండుటానికి పోయిండు.

మళ్ల పెడితే మళ్ల అంతే.  దుబాయాయన మళ్ల పోయే గడువు నెత్తి మీదికి వచ్చింది. కోడలు షాపాయనకు ఫోన్ కలిపి మర్యాదగ అడుగుతున్నది. మర్యాదకు సామాను బాగవుతదా? నేను ఫోన్ గుంజుకొని, ఆడోళ్లమని ఖరాబు మాల్ అంటగట్టినవా, రేపు వచ్చి నీ దుకాణం ముందట్నే కూసుంట అని ఇంక చాన అన్న. ఆయన అంత విన్నడు.

"అవ్వా, కోపం తర్వాత చేద్దువు. కూలర్ కిందున్న రాగి పలక మీద ప్లాస్టిక్ పొర ఉంటది. అది పీకిన్రా?"

నేను కోడలి దిక్కు చూసిన. ఆమె నేల దిక్కు చూస్తున్నది. ఫోన్ పెట్టేసిన.

కూలర్ ఇప్పితే కింద పొర ఉన్నది. వేడికి ముడుచుకుపోయి పేస్టుల మునిగి ఉన్నది. చిప్పు వేడి కూలర్‌కు ఎక్కకుంట నడుమల అది అడ్డం పడ్డది. దాని మీద ఇంగ్లీషు అక్షరాలు కనవడుతున్నయి. నేను చర్చోళ్ల బడిల మూడో తరగతి దాకనే సదివిన, ఆ అక్షరాలు నాకు రావు. ఏమున్నదని అడిగిన. పెట్టేముందు పీకుమని ఉన్నదట.

"ఇంత సదువు సదివినవు, ఇది సదువలేదా?"

"సదివిన అత్తమ్మా. నువ్వు పక్కకే కూసున్నవు గదా."

ఆమె గొంతుల కోపం లేదు. ఉప్పు ఎక్కడున్నదంటే చెప్పినట్టు చెప్పింది.  ఒకరు అంత సదివి, తొవ్వ కనవడుతున్నా, నా మొఖం చూసి ఆగిండ్రంటే నా మొఖం ఎంత గట్టిదో అనుకున్న. గా పొరను నేనే వేళ్లతోని పట్టి గుంజిన.

"ఇగ నీ మిషన్ మీద నువ్వే పెద్ద. ఏది పీకాల్నో, ఏది ఉంచాల్నో నన్ను చూడకు," అన్న.

ఆమె రాగి పలక తుడిచి మళ్ల పేస్టు పెట్టింది. అద్దం మీది పొర గూడ సర్రున తీసింది. నేను స్క్రూల గిన్నె దిక్కే చూసుకుంట కూసున్న. ఫ్రిజ్ జోలికి మాత్రం పోవద్దని తర్వాత చెప్పిన, అది వేరే సంగతి.

తెల్లారి మా ఆయన మిల్లు నుంచి వచ్చి, మిషన్ దిక్కు అనుమానంగ చూసి, మంచం మీద ఒరిగిండు. కోడలు ఇంటిని పనికి పెట్టింది. నేను దర్వాజ కాడ నిలవడ్డ. చాయ్ తాగిన, కూర కోసిన, బియ్యం ఏరిన. డబ్బా ఎనుక చెయ్యి పెడితే గోరువెచ్చటి గాలి వస్తున్నది. సప్పుడు రాలే. మా ఆయన అటు మర్లి పండుకున్నడు, నోరు తెరిచిండు. అన్నం యాళ్లకు నిర్మల్ రోడ్డు ఇల్లు దర్వాజ తెరుచుకొని, మెట్లెక్కి, మిద్దె మీదికి పోయింది.

ఆ మాపు ఇంజినీరు ఫోన్ చేసిండు. దుబాయాయనకు ఇల్లు నచ్చిందట, వంటింటి కిటికీ ఒక్కటి తూర్పు దిక్కుకు మార్చాలెనట. ఆఫీసుకు ఎప్పటి సంది వస్తవమ్మా అని గూడ అడిగిండు. కోడలు నా దిక్కు చూడలే.

"రాను సార్. ఇక్కడ్నే చేస్త. కిటికీ ఇప్పుడే పెట్టి పంపుత."

ఇంజినీరుకు అనుమానమొచ్చింది. ఇదివరకు ఫోన్ల నీ మాటనే వినపడకపోయేది, ఇయ్యాల మిషన్ బంద్ పెట్టినవా అని అడిగిండు. నడుస్తున్నది సార్ అన్నది. మరి ఆ గుర్రు ఏందని అడిగిండు.

"మా మామది సార్. ఇయ్యాల ఇంక లేవలే."

ఇంజినీరు నవ్విండు. అయితే అక్కడ్నే చెయ్యమ్మా, ఇంకో రెండు ఇండ్లు పంపుత అన్నడు. కోడలు ఫోన్ పెట్టి, కుర్చీ దగ్గరికి గుంజుకొని, వంటింటి గోడల కిటికీకి జాగ కొలువవట్టింది. డ్యూటీ యాళ్ల అవుతున్నది, నేను పోయి మా ఆయన కాలు పట్టి ఊపిన.