కోరుట్ల డాబా మీద జూనిపర్లు

మా ఆయన చివరిసారి గల్ఫ్ నుంచి వచ్చినప్పుడు ముఖమంతా ఉబ్బి ఉంది. పెట్టె తెరిస్తే ఎప్పుడూ తెచ్చే దుప్పట్లు, సెంటు సీసాలు లేవు. తువ్వాలులో చుట్టిన సన్నమూతి కత్తెర ఒకటి, అల్యూమినియం తీగచుట్టలు రెండు ఉన్నాయి.

"ఇవేంది?" అని అడిగాను.

"చెట్లకు" అన్నాడు. గోడకు ఆనుకుని కళ్లు మూసుకున్నాడు.

అక్కడ ఆఖరి ఏళ్లు ఎవరో ధనవంతుడి తోటలో పనిచేశాడని మాత్రమే నాకు తెలుసు. ఫోన్‌లో "ఏం పని?" అంటే "తోటపని" అనేవాడు. "తిన్నవా?" "తిన్న." "బిడ్డ సదువుతుందా?" "సదువుతుంది." మా మాటలు అక్కడితో అయిపోయేవి. పెళ్లయి ఇరవై ఏళ్లు కావస్తున్నా ఆయన, నేను ఒక ఇంట్లో ఉన్నది సెలవుల్లోనే. ఆయనకు కూరలో ఉప్పు ఎంత ఉండాలో కూడా నాకు సరిగ్గా తెలియదు.

హైదరాబాద్ తీసుకుపోయి పరీక్షలు చేయిస్తే రెండు కిడ్నీలూ పోయాయన్నారు. వారానికి మూడుసార్లు మిషన్ మీద రక్తం శుభ్రం చేయించుకోవాలి, మా కోరుట్లకు దగ్గర జగిత్యాలలోనే ఆ సౌకర్యం ఉంది అని చెప్పి పంపారు. ఆసుపత్రి నుంచి బస్టాండుకు ఆటోలో వస్తుంటే రోడ్డు పక్కన నర్సరీ కనబడింది. "ఆపు తమ్మీ, ఆపు" అని దిగిపోయాడు. నేను వెనకాలే వెళ్లేసరికి ఒక మూలన మోకాళ్ల మీద కూర్చుని, ప్లాస్టిక్ సంచుల్లో ఉన్న మొక్కల మొదళ్లు మట్టి తీసి చూస్తున్నాడు. నాకు ఒళ్లు మండింది.

"డాక్టర్ ఏం జెప్పిండో ఇన్నవా లేదా? గీ యాల చెట్లు గావాల్నా?"

"ఇన్న. అందుకే గావాలె" అన్నాడు, తల ఎత్తకుండానే.

మూడు మొక్కలు కొన్నాడు. జూనిపర్ అంటారట. ఆకులు ఆకుల్లా లేవు, పొలుసుల్లా ఒకదాని మీద ఒకటి పేర్చినట్టున్నాయి. కోరుట్ల దాకా బస్సులో ఒకటి ఆయన ఒళ్లో, రెండు నా కాళ్ల దగ్గర. చేతికి తగిలితే గరుకు. నలిపితే కర్పూరం లాంటి వాసన.

అద్దె ఇంటి డాబా మీద పాత బల్ల వేసి వాటిని పెట్టుకున్నాడు. ఇటుక ముక్కలు దంచి, దొడ్డు ఇసుక, కొంచెం పెంటమన్ను కలిపి, పళ్లెం లాంటి లోతులేని కుండీల్లో నాటాడు. చెట్టును ఇలా పొట్టిగానే పెంచడాన్ని బోన్సాయ్ అంటారట. కొన్నాళ్లకు ఎడమ చేతికి, సూదులు గుచ్చడానికి వీలుగా నరాలు కలుపుతూ ఆపరేషన్ చేశారు. ఆ చేత్తో బరువు ఎత్తవద్దు, గట్టిగా పట్టవద్దు అన్నారు. కుడి చెయ్యి అప్పటికే వణుకుతోంది. అలా ఆ చెట్ల పని నా మీద పడింది. ఆయన స్టూలు మీద కూర్చుని చెప్పాలి, నేను చెయ్యాలి.

నేను చిన్నప్పటి నుంచి బీడీలు చుట్టేదాన్ని. తునికాకును రేకుముక్క కొలతకు పెట్టి కత్తిరించడం నా చేతికి అలవాటు. ఆకు ఎలా ఉన్నా అంచు ఒక్కతీరుగా రావాలి. ఒకరోజు ఆయన మిషన్ నుంచి వచ్చి పడుకుంటే, నేనే డాబా ఎక్కి, గుబురుగా ఉన్న చెట్టును చుట్టూ గుండ్రంగా కత్తిరించి పెట్టాను. ఎంతో ముద్దుగా అనిపించింది. నాలుగైదు రోజులకు కోసిన కొసలన్నీ కాలినట్టు ఎర్రబడ్డాయి.

"ఏం జేసినవే దీన్ని? ఇది తునికాకనుకున్నవా?" అని అరిచాడు. పక్క డాబా మీద మిరపకాయలు ఆరబోస్తున్న ఆమె ఇటు చూసింది.

"నాకేం దెల్సు? నువ్వు జెప్పినవా?"

ఆయాసపడుతూ కూర్చున్నాడు. కాసేపటికి కోపం దిగింది. కొమ్మను వేలితో పైకెత్తి చూపించాడు. "కొసలు గొరగొద్దు. గిదో, ఈ పొడుగు రెమ్మ ఉన్నది సూడు, దీన్ని లోపలికంట పట్టుకపోయి, పక్క రెమ్మ మొదలైన కాడ కొయ్యాలె. కోసిన సంగతి కనవడొద్దు. ఇగ ఒకటి యాదివెట్టుకో. కొమ్మ మీద కొంచెమన్న పచ్చ ఉంచాలె. మొత్తం తీసేస్తే మల్ల సిగురెయ్యది. ఆ కొమ్మ గంతే."

అప్పటి నుంచి మిషన్ లేని రోజుల్లో, పొద్దున ఎండ ముదరకముందే డాబా మీద కూర్చునేవాళ్లం. కింద బీడీల గంప నాకోసం ఎదురుచూస్తూ ఉండేది. మట్టిలో వేలు పెట్టి పైపొర ఆరిందో లేదో చూసి నీళ్లు పోయడం, తెల్లకాగితం మీద కొమ్మ దులిపి ఎర్రనల్లి పురుగు పడిందేమో చూడడం, కొమ్మకు తీగ చుట్టి కొద్దికొద్దిగా కిందికి వంచడం ఒక్కొక్కటే నేర్చుకున్నాను. నా వేలు తప్పు చోట పడితే నాలుక చప్పరించేవాడు. సరిగ్గా పడితే ఏమీ అనేవాడు కాదు.

ఆ పని మధ్యలోనే అక్కడి సంగతులు చెప్పేవాడు. ఆ తోటలో ఇలాంటివి వరుసగా ఉండేవట. ఫిలిప్పీన్స్ నుంచి వచ్చిన ముసలి తోటమాలి ఒకతను ఈయనకు పని నేర్పాడు.

"ఎండకాలం వాటికి నీడకు వల కట్టేది. లోపల నీళ్ల తుంపర వడ్తుండె, సల్లగ ఉండె" అన్నాడు ఒకరోజు.

"మరి మీకు?"

"మేము వల బయట పనిజేసేది."

"నీళ్లు తాగేది గాదా?"

"తాగితే ఊకె ఒంటేలుకు పోవాలె. పోతే సూపర్‌వైజర్ ఒర్రేటోడు. అందుకని తాగకపోయేది."

నా చెయ్యి ఆగిపోయింది. "గట్లాంటి చెట్లను మల్ల ఇంటికెందుకు తెచ్చినవ్? సూస్తె కోపం రాదా?"

"వాటి తప్పేమున్నది?" అన్నాడు.

వానాకాలంలో ఆయనకు చలిజ్వరం వచ్చింది. సూది పెట్టే చోట చీము పట్టి రక్తంలోకి పోయిందన్నారు. జగిత్యాల ఆసుపత్రిలో చాలా రోజులు ఉండాల్సి వచ్చింది. నేను అక్కడే, ఇంటికి తాళం. తిరిగి వచ్చి డాబా ఎక్కేసరికి కొమ్మలు లావెక్కి, చుట్టిన తీగ బెరడులోకి దిగిపోయింది. తీగ చుట్లు విప్పబోతే వద్దన్నాడు. విప్పితే బెరడు కూడా వస్తుందట. ముక్కలు ముక్కలుగా కత్తిరించి తీయించాడు. పాము చుట్టుకున్నట్టు గాట్లు మిగిలాయి.

"నేను లేకుంటె గిట్లనే అయితది" అని గొణిగాడు.

ఆ మాట నాకు ఎక్కడో తగిలింది. "నువ్వు లేకుంటనే నేను ఇల్లు నడిపిన. నువ్వు లేకుంటనే బిడ్డను పెంచిన. బీడీలు జేసి, అర్ధాకలితోని పండి..." ఇంకా ఏమేమో అన్నాను.

అంతా విన్నాడు. మబ్బు పట్టి చినుకులు మొదలయ్యాయి. ఇద్దరం లేవలేదు.

"నేను ఆడున్నప్పుడు నన్ను యాదిజేసుకునేదానివా?" అని అడిగాడు, చెట్టు వైపు చూస్తూ.

"మొదట్ల జేసుకున్న" అన్నాను. "తర్వాత అలవాటైంది."

తల ఊపాడు. "నాకు గూడ గట్లనే" అన్నాడు. మా మధ్య అంత నిజమైన మాట అంతకు ముందు ఎప్పుడూ రాలేదు. విన్నాక సుఖంగా ఏమీ అనిపించలేదు. చలేసింది. ఆయనను పట్టుకుని మెట్లు దింపాను.

మా బిడ్డ కరీంనగర్‌లో చదువుతూ పండుగకో, సెలవుకో వచ్చేది. బాపు అంటే దానికి ఫోన్ తెర మీద ముఖమే కదా, ఎదురుగా కూర్చుంటే బంధువుల ఇంటికి వచ్చినట్టు ఒదిగి కూర్చునేది. ఒకసారి డాబా మీదికి చాయ్ తెచ్చి, నిలబడి చూసి, "బాపూ, గిది ఎప్పటికి అయిపోతది?" అని అడిగింది.

"అయిపోవుడు ఉండది బిడ్డా. పెరుగుతనే ఉంటది, తీస్తనే ఉండాలె."

"మరి ఏం లాభం?" అంది నవ్వుతూ. ఆయన కూడా నవ్వాడు. దాని చేతికి కత్తెర ఇవ్వబోయాడు. దాని ఫోన్ మోగింది. మాట్లాడుతూ కిందికి వెళ్లిపోయింది. ఆయన కత్తెర తుడిచి పక్కన పెట్టాడు.

ఎండాకాలంలో, రోళ్లు పగిలే ఎండల్లో ఆయన పోయాడు. జగిత్యాలలో మిషన్ మీద ఉండగానే బీపీ పడిపోయింది. నేను పక్కనే స్టూలు మీద ఉన్నాను. "సలి వెడ్తుంది, కాళ్ల మీద కప్పు" అన్నాడు. కప్పాను. కళ్లు తేలేశాడు. నర్సమ్మ పరుగెత్తుకొచ్చి "అక్కా, బయటికి పో" అని తెర లాగింది. ఆ తెర మళ్లీ తీసేసరికి అన్నీ ఆపేసి ఉన్నాయి.

ఇంటి నిండా జనం. దినాలు అయ్యేదాకా నేను మూలన చాప మీదనే ఉన్నాను. డాబా నా మనసులోకే రాలేదు. వచ్చినవాళ్లు పైన బట్టలు ఆరేసుకోవడానికి బల్ల జరిపారు, కుండీలు దించి పిట్టగోడ పక్కన పెట్టారు. ఆ గోడ పడమటి ఎండకు పెనంలా కాలుతుంది. ఒక కుండీ మాత్రం ఎవరో నీళ్ల డ్రమ్ము వెనక నీడలోకి తోశారు. డ్రమ్ము కారుతూ ఉండేది.

అందరూ వెళ్లిపోయాక డాబా ఎక్కాను. గోడ పక్క కుండీల్లో మట్టి ఎండిపోయింది గానీ మూడు చెట్లూ పచ్చగానే ఉన్నాయి. అది చూసి నాకు ప్రాణం లేచి వచ్చింది. బకెట్లు మోసి నీళ్లు పోశాను. పొద్దునా సాయంత్రం పోశాను. ఇంట్లో మాట్లాడేవాళ్లు లేరు, వాటితోనే ఒకటీ అరా మాట్లాడేదాన్ని. ఈ పొడుగు రెమ్మ కొయ్యాల్నా అని అడిగేదాన్ని.

వానలు పడబోయే ముందు గోడ పక్క రెండింటికీ రంగు మారడం మొదలైంది. ముందు బూడిద పూసినట్టు, తర్వాత పసుపు, తర్వాత గోధుమ రంగు. ఏం తెగులో చూపిద్దామని వాటిలో చిన్న చెట్టును పట్టుకుని జగిత్యాలలో ఒక నర్సరీకి వెళ్లాను. అతను రెమ్మను వంచాడు. పుటుక్కున విరిగింది. గోటితో బెరడు గీకాడు.

"ఇది ఎప్పుడో సచ్చిపోయిందమ్మా."

"ఎప్పుడో ఏంది? మొన్నటిదాంక పచ్చగుండె గద!"

"ఈ చెట్టు గట్లనే. ఏర్లు పోయినా ఆకు నెలదాంక పచ్చగనే కనవడ్తది. మనకు తెల్వది."

"నేను రోజూ నీళ్లు పోసిన" అన్నాను. అతను కుండీ నా చేతికి ఇచ్చేశాడు.

కోరుట్ల బస్సు ఎక్కాను. కిటికీ పక్కన కూర్చుని, ఆ ఎండిన చెట్టును ఒళ్లో పెట్టుకుని, ఆయన పోయాక మొదటిసారి వెక్కివెక్కి ఏడ్చాను. ఎదురు సీటు ముసలామె "ఏమైంది బిడ్డా?" అని రెండుసార్లు అడిగింది. కొంగు ముఖానికి అడ్డం పెట్టుకున్నాను.

ఆ ఏడాదే సిరిసిల్ల వచ్చేశాను. మా అన్న అక్కడ సాంచాలు, అంటే మరమగ్గాలు, నడుపుతాడు. అన్న ఇంటి పైనే ఒక గది, కుట్టుపని దొరికింది. డ్రమ్ము వెనక బతికిన చెట్టును ఆటోలోంచి దించుతుంటే అన్న, "గిదొక్కటి మోసుకచ్చినవా చెల్లె?" అన్నాడు. అని తనే అందుకుని మెట్ల మీద పెట్టాడు.

ఇక్కడ పొద్దంతా సాంచాల చప్పుడు. గాలిలో ఎగిరే నూలు నుసి వచ్చి ఆ పొలుసు ఆకుల్లో ఇరుక్కుంటుంది. తుడిస్తే పోదు, నీళ్లు చిమ్మి కడగాలి. కడిగిన మర్నాటికి మళ్లీ తెల్లగా ఉంటుంది. బిడ్డ ఫోన్ చేసినప్పుడు ఎట్లుందని నన్ను అడుగుతుంది, చెట్టు గురించి అడగదు.

పోయిన చలికాలం కింది కొమ్మ ఒకటి పలచబడింది. పై కొమ్మల నీడ పడి దానికి ఎండ అందడం లేదు. పైన తీస్తే కిందిది బతుకుతుందా, లేక కిందిది తీసేయాలా అన్నది నాకు తెలియలేదు. రెండు ఆదివారాలు దాని ముందు కూర్చుని లేచాను. మూడో ఆదివారం కిందిదే మొదలంటా కోసేశాను. చెట్టు ఒక పక్కకు ఒరిగినట్టు కనబడింది. తప్పు చేశానేమో. అంటించడానికి వీలుండదు కదా. కోసిన కొమ్మ కాసేపు చేతిలో ఉంచుకున్నాను, కింద వదిన అన్నానికి పిలిస్తే చెత్తలో వేసి చేతులు కడుక్కున్నాను.