ఆనందకుమారి పాటలకు ముగ్గురు హక్కుదారులు

ఢిల్లీ పక్కన ఇందిరాపురంలో ఉండే ఆనందకుమారి ఇరవై రెండేళ్లుగా నర్సు. ఆపరేషన్‌కి ముందు బంధువులు ఫారం చదవకుండా సంతకం పెట్టబోతే పెన్ను లాగేసుకుంటుంది. "ముందు చదవండి భయ్యా, తర్వాత నా మీద పడొద్దు" అంటుంది. అలాంటి మనిషికి దొరికిన మొగుడు రాజరత్నం.

ఆమె పాడిన పది క్రైస్తవ గీతాలతో ఆయన మ్యూజిక్ కంపెనీ పెట్టాడు. కంపెనీ అంటే ఆయనా, ఆయన విజిటింగ్ కార్డూ. పాటల్ని ఫోన్ యాప్‌లలోకి ఎక్కించే నోయిడా సంస్థ ఒకటి ముప్పై పేజీల ఒప్పందం పంపింది. ఆయన దానిమీద చెయ్యి ఉంచి ప్రార్థించాడు, కేకు కోశాడు, సంతకం గీకాడు. చదవడానికే తీరిక లేకపోయింది మహానుభావుడికి! నెల తిరక్కుండా ఇంకో రెండు సంస్థలతోనూ అదే ప్రార్థన, అదే కేకు. సువార్త ఎన్ని దారుల్లో వెళ్తే అంత మంచిదట.

చివరికి పాటలు మావంటే మావని మూడు సంస్థలూ కొట్టుకున్నాయి. యాప్‌లు పది పాటల్నీ తీసిపారేశాయి. ఆనందకుమారి డ్యూటీ నుంచి వస్తూ మెట్రోలో ఒప్పందాలు తిరగేసింది. ఈ పాటలు ఇంకెవరికీ ఇవ్వనని మూడింటిలోనూ మొదటి పేజీలోనే ఉంది.

ఆదివారం చర్చిలో రాజరత్నం సాక్ష్యం చెప్పడానికి లేచి, కళ్లు తుడుచుకున్నాడు. "మా పరిచర్య మీద సాతాను దాడి చేస్తున్నాడు. ప్రార్థించండి."

ఆడవాళ్ల వరసలోంచి ఆనందకుమారి లేచింది.

"పాపం, సాతానుని ఎందుకండీ ఆడిపోసుకుంటారు? సంతకాలు మూడూ మీవేగా!"