ముందుకు తొయ్యాల్సిన చెయ్యి

నా కోడలిది పుర్రచెయ్యి వాటం. ఈ సంగతి నాకు మొదట నా కత్తెర చెప్పింది. బట్టలు కుట్టి బతుకుతున్నదాన్ని, నా కత్తెర ఎవరు ముట్టుకున్నా ఊరుకోను. కొత్తగా కాపురానికి వచ్చిన రోజుల్లో, సాయం చేస్తానంటూ కర్టెన్ గుడ్డ మీద దాన్ని ఎడం చేత్తో ఆడించింది. గుడ్డ తెగలేదు సరికదా, నలిగి ఊరుకుంది.

"విమానాలు నడిపేదానివి, గుడ్డముక్క కత్తిరించలేవుటే?" అన్నాను. కిలకిలా నవ్వేసింది.

అప్పటికి ఆమె నడిపేది నలుగురు పట్టే చిన్న విమానం. అందులో ఎడమ సీటు ఆమెది, నడిపేదీ ఎడం చేత్తోనే, పైకి లేవాలంటే ఆ చేత్తోనే వెనక్కి లాగేది. హాయిగా సాగిపోయింది. పెద్ద విమానాల కంపెనీలో ఉద్యోగం వచ్చాకే తంటా మొదలైంది. అక్కడ ఎడమ సీటు కెప్టెన్‌ది. కొత్తవాళ్లు కుడి సీట్లో కూర్చోవాలి. కుడిచేతి పక్కన చిన్న పిడి ఉంటుంది, దాన్ని వెనక్కి లాగితే విమానం ముక్కు లేస్తుంది. ఎడం చేతి కింద ఇంజన్ల మీటలు. ముందుకు తోస్తే బలం పెరుగుతుంది, వెనక్కి లాగితే తగ్గుతుంది. నేల దగ్గరికి దిగాక ఏదైనా తేడా వస్తే మళ్లీ పైకి లేచిపోవాలి. అంటే కుడి చెయ్యి వెనక్కి, ఎడం చెయ్యి ముందుకు. నాకే అర్థమైంది, ఇక మీకు అర్థం కాకపోవడం ఏముంది!

ఒకరోజు సాయంత్రం నేను మిషన్ ముందు కూర్చుని ఉన్నాను. కోడలు వచ్చి గుమ్మంలోనే నిలబడిపోయింది. మొహంలో నెత్తురుచుక్క లేదు.

"అత్తయ్యా, అందర్నీ చంపేశాను."

నా కాలు మిషన్ మీద అలాగే ఉండిపోయింది. "ఎవర్నే?"

"ఎవరూ లేరు. శిక్షణ గదిలో, బొమ్మ విమానంలో."

అచ్చం విమానంలాగే ఊగే గది అట అది. కిటికీలుండాల్సిన చోట తెరలుంటాయట. దిగుతుండగా రన్‌వే మీదికి ఇంకో విమానం అడ్డం వచ్చినట్టు చూపించారు. పైకి లేవాలి. భయపడింది. పైకి అనుకోగానే అలవాటున్న చెయ్యే ముందు కదిలింది. ఎడం చేత్తో మీటల్ని వెనక్కి లాగేసింది. తెరంతా ఎర్రబడి గది ఆగిపోయింది.

"మామూలప్పుడు నీ చేతులకి వంక పెట్టలేను," అన్నాడట నేర్పే మాస్టారు. "భయపడినప్పుడు ఏం చేస్తాయో అదే నాకు కావాలి. ఇంకొక్క పరీక్ష పెడతాను. అందులోనూ ఇంతే అయితే వేరే పని చూసుకో."

మర్నాటి నుంచి మా వంటగది విమానమైపోయింది. రెండు కుర్చీలు పక్కపక్కన, మధ్యలో నా ఇస్త్రీ బల్ల. కుడి కుర్చీ చేతికి గరిటె కట్టాం. అది పిడి. బల్లమీద చల్లారిన ఇస్త్రీపెట్టె ఇంజన్ల మీట. ఎడమ కుర్చీలో నేను. కెప్టెన్‌ని! నా పని నేలకి ఎన్ని అడుగుల ఎత్తులో ఉన్నామో చదవడం. "యాభై, నలభై, ముప్ఫై" అంటూ వచ్చి, ఎక్కడో ఒకచోట ఆమెని హడలగొట్టాలి. పళ్లెం నేలకేసి కొట్టేదాన్ని. చెవి దగ్గర కెవ్వుమనేదాన్ని. మా అబ్బాయి ఆసుపత్రిలో నర్సు, రాత్రి డ్యూటీ చేసొచ్చి పగలు పడుకుంటాడు. కళ్లు నులుముకుంటూ వచ్చాడు.

"అమ్మా, ఏం కూలింది?"

"నీ పెళ్లాం విమానం. పోయి పడుకో."

నేను అరుస్తానని తెలిసినంతసేపూ ఇస్త్రీపెట్టె ముందుకే పోయేది. ఒకరోజు మేమిద్దరం మరిచిపోయిన కుక్కర్ ఒక్కసారి కూత పెట్టింది. ఇద్దరం ఉలిక్కిపడ్డాం. చూస్తే ఇస్త్రీపెట్టె ఆమె ఒళ్లోకి వచ్చేసి ఉంది. ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. అంతవరకూ నా భయం ఆమె ఉద్యోగం గురించి. ఇప్పుడు వెనక సీట్లలో కూర్చునే జనం కనపడసాగారు. పిల్లల్ని ఒళ్లో పెట్టుకున్నవాళ్లూ, నిద్రపోతున్నవాళ్లూ.

పరీక్ష రోజు వచ్చింది. సాయంత్రం దాకా ముళ్లమీద కూర్చున్నట్టే ఉన్నాను. ఆమె వచ్చి నా పక్కన కూలబడింది.

"పాసయ్యాను అత్తయ్యా."

"మరి ఆ మొహం ఏమిటే అలా పెట్టావు?"

"మళ్లీ లేవమన్నప్పుడు నా ఎడం చెయ్యి వెనక్కి కదిలింది. కొంచెమే. వెంటనే తోసేశాను. మాస్టారు అప్పుడే వెనక ఏవో బటన్లు నొక్కుతున్నారు, చూడలేదు."

"చూడలేదు కదా! ఇక నోరు మూసుకుని ఊరుకో. ఇన్నాళ్లూ పడ్డ పాట్లు చాలవూ? ఎవరి చెయ్యి ఎప్పుడు ఎటు కదిలిందో ఊరంతా చాటింపు వేస్తారటే?"

ఆమె నావైపు తిరిగింది. "నేను దింపే విమానం మీరెక్కుతారా?"

నా పళ్ల మధ్య దారం ఉంది. కొరికి తీశాను.

"ఎక్కను," అన్నాను.

అని నాలిక కరుచుకున్నాను. అన్నమాట వెనక్కి వస్తుందా! ఆమె ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. ఫోన్ తీసుకుని బాల్కనీలోకి వెళ్లి మాస్టారికి జరిగింది జరిగినట్టు చెప్పేసింది. ఆయన పాస్ రద్దు చేశాడు. మళ్లీ మొదటినుంచి రమ్మన్నాడు, ఉద్యోగం ఉంటుందని మాత్రం మాట ఇవ్వనన్నాడు. నా నోరు పడిపోనూ అని నన్ను నేనే తిట్టుకున్నాను. ఆమె మాత్రం గరిటె విప్పనివ్వలేదు. నేను కొత్త కొత్త హడలగొట్టుళ్లు కనిపెట్టలేక చచ్చాను.

చివరికి ఆ చెయ్యి దారికొచ్చింది. మాస్టారు మూడు రకాలుగా పరీక్షించి మరీ ఒప్పుకున్నాడట. ఆమె విమానం ఎక్కమని నన్ను మళ్లీ అడగలేదు. ఆమె జనాన్ని ఎక్కించుకుని నడపడం మొదలెట్టాక నేనే టికెట్ కొనుక్కున్నాను.

"ఈసారి దింపేది నేనే," అంది. "బాగా ఆలోచించుకోండి. రైలు కూడా ఉంది."

"నోరు మూసుకుని నడుపు," అన్నాను.

దిగే వేళకి కిటికీలోంచి ఇళ్ల కప్పులు, కార్లు, రోడ్డు దాటుతున్న మనుషులు కూడా కనిపిస్తున్నారు. నేల గబగబా పైకొస్తోంది. నాకు తెలియకుండానే చదువుతున్నాను. యాభై, నలభై, ముప్ఫై. ఇరవై అనబోతుండగా విమానం గర్జించింది. నన్నెవరో సీటుకేసి అదిమినట్టయింది. ముక్కు ఆకాశంవైపు లేచింది. వెనక పిల్లలు గొల్లుమన్నారు. ఎవరో దేవుణ్ణి పిలిచారు. నా పై ప్రాణాలు పైనే పోయాయి.

పక్కనున్న పెద్దాయన నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. "ఏమైందండీ? కూలిపోతున్నామా?"

అప్పుడు విన్నాను ఆ గర్జన. వెనక్కి లాగితే ఆ చప్పుడు ఉండదు. ఇంజన్లు మూగబోతాయి.

"తోసింది," అన్నాను.

"ఏమిటీ?"

"నా కోడలండీ! ముందుకు తోసింది!"

ఆయన నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు. నాకు కన్నీళ్లు ఆగలేదు. కాసేపటికి కెప్టెన్ గొంతు వినపడింది. ముందు దిగిన విమానం ఇంకా రన్‌వే ఖాళీ చేయలేదట, చుట్టు తిరిగి మళ్లీ దిగుతామన్నాడు. రెండోసారి మెత్తగా దిగాం. ముందు సీటాయన వెనక్కి తిరిగి, "అమ్మా, ఇకనైనా తొయ్యడం ఆపుతారా?" అన్నాడు. చూసుకుంటే నా ఎడం చెయ్యి ఆయన సీటు మీద బిగుసుకుపోయి ఉంది.

అందరూ దిగాక కోడలు బయటికి వచ్చింది. ఎడం చెయ్యి నా ముందు చాపింది.

"చాలా భయమేసింది అత్తయ్యా."

ఆ చేతిని నా రెండు చేతుల్లోకి తీసుకున్నాను.

"మళ్లీ ఎక్కుతారా?"

"ఎక్కుతాను," అన్నాను. ఈసారి నాలిక కరుచుకోలేదు.